మధ్య పదం

ఫాదియూత్ దీవిలో నేలంటే మట్టి కాదు, గుల్లలు.
అమ్మమ్మల అమ్మమ్మలు తిని పారేసినవి.
ఎవరు నడిచినా చప్పుడవుతుంది.
ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో,
ఎవరి గుమ్మం దాటేసి పోతున్నారో
కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

పోటు తీశాక ఏరుకొచ్చిన గుల్లల్ని
గంపల్లోకి వేరుచేస్తున్నాను,
పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో.
దీపానికి అవతల యాండే, దాని నోటుబుక్కు.
"ఏం చేస్తున్నావే?"
"బహుపదుల్ని గుణిస్తున్నానమ్మా."
ఆ మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

ఎక్స్ కూడిక మూడు. పక్కనే ఎక్స్ కూడిక ఐదు.
"ఎక్స్ ఎవరు?"
"ఇంకా తెలియనివాడు."
ఓహో, అతన్ని నేనెరుగుదును.
విందు రోజున ఎంతమంది వస్తారో తెలియక
పొయ్యి మీదికి పెద్ద కుండ ఎక్కిస్తామే,
ఆ కుండలో ఉండేది అతనే.

యాండే గబగబా రాసేసింది:
ఎక్స్ వర్గం, కూడిక పదిహేను.
కింద రెండు గీతలు. పని అయిపోయిందన్న గీతలు.

నాకు అంకెలు సంతలో మోసపోనంత వచ్చు, అంతే.
కానీ రెండిళ్లవాళ్లు ఎదురైతే ఏం జరగాలో తెలుసు.
"అటు ఇద్దరు, ఇటు ఇద్దరు.
పెద్దాయన పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు,
పిల్లవాడు పిల్లవాణ్ణి పలకరించాడు.
మరి ఈ పెద్దాయన ఆ పిల్లవాడి తల నిమరలేదేం?
ఈ పిల్లవాడు ఆ పెద్దాయన ముందు వంగలేదేం?"
"అమ్మా, ఇది లెక్క."
"లెక్కకి మర్యాద ఉండదా?"

చాప మీద గుల్లలు పేర్చాను.
తెలియనివాణ్ణి ఈ పూటకి రెండనుకుందాం.
అంటే ఐదు వరసలు, వరసకి ఏడు.
నడుమ రెండు చీపురుపుల్లలు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి.
ఒక మూల నాలుగు. దానికి ఎదురు మూల పదిహేను.
"నువ్వు రాసినవి ఇవే. మరి ఇవెవరివి?"
ఈ పక్క పది. ఆ పక్క ఆరు.
పదహారు గుల్లలు,
ఎవరూ పలకరించక అలా కూచున్నాయి.

యాండే పెన్సిలు కొరికింది.
చెరిపింది. కాగితం కొంచెం చిరిగింది.
ఐదు ఎక్స్‌లు, మూడు ఎక్స్‌లు,
ఒకే జాతివి కదా, ఒకే గంప, అని గొణుక్కుంటూ
ఎనిమిది చేసింది.
ఎక్స్ వర్గాన్ని మాత్రం అందులో వెయ్యలేదు.
దానికి తెలుసు, గుల్లల్లో పీతని కలపరు.

పడుకుంటూ అడిగింది:
"రేపు బిరాన్ సారు తీసివేతలు చెప్తారట.
రెండు తీసివేతలు ఎదురుపడితే కూడికవుతుందట.
ఎందుకమ్మా?"
నాకు తెలియదన్నాను.

దీపం తగ్గించాను గానీ
ఆ పదహారూ ఎత్తబుద్ధి కాలేదు.

మా మరిది లాటిర్ ఇంటికి రోజూ వెళ్తాను.
మంచంలో ఉన్న మామని పలకరిస్తాను.
గడపలో ఆడే పసివాణ్ణి ఎత్తుకుంటాను.
మధ్యలో, రోలు దగ్గర, తోటికోడలు తెనింగ్.
రెండు వానాకాలాలుగా
ఆమె నాకూ, నేను ఆమెకీ ఒక్కో మాట బాకీ.
గొడవ ఒక వల గురించి.
కాదు, వల కూడా కాదు,
అడిగినప్పుడు ఆమె నవ్విన నవ్వు గురించి.
ఇన్నాళ్లూ అందర్నీ పలకరించి వస్తున్నాననే అనుకున్నాను.
కింద రెండు గీతలు కూడా గీసేసుకున్నాను.

తెల్లారకముందే లేచాను.
నేనెటు పోతున్నానో
కాళ్ల కింది గుల్లలు దీవంతా చాటేశాయి.
రోలు దగ్గర తెనింగ్ వీపు.
అడుగు విన్నది, తిరగలేదు.
నోట్లో ఒక్క పదం పెట్టుకుని నేనూ నిలబడిపోయాను.
రోకలి లేచింది, పడింది,
మళ్లీ లేచి
గాల్లో కాస్త ఎక్కువసేపు ఉంది.